చెవి దగ్గర తిప్పి చూసిన బేరింగు

మొన్న మా అబ్బాయి ఫోనులో ఆర్డరు పెట్టిన కారు బేరింగు నేరుగా ఇంటికే వచ్చింది. డబ్బా మీదున్న అక్షరాలన్నీ చదివి, ఒరిజినలే నాయనా అన్నాడు. నేను డబ్బాను పక్కకు నెట్టి, బేరింగును చెవి దగ్గర పెట్టుకోబోతే పగలబడి నవ్వాడు.

తొంభైల చివర్లో మా బావ కూడా ఇలాగే నవ్వాడు. అనంతపురంలో ఆయన ఒక పాత కారు కొని బాడుగకు తిప్పేవాడు. ఐదో తరగతిలో బడీ నేనూ ఒకరంటే ఒకరికి విసుగెత్తి, ఇద్దరమూ ఒప్పుకునే విడిపోయాం గనుక, వానలు మొహం చాటేసి చేను బీడు పడ్డాక నేను ఆ కారుకే డ్రైవరునయ్యాను.

ఒకసారి ధర్మవరం పట్టుచీరల వ్యాపారి, పెళ్లిచీరలు తీసుకుని మరునాడు బెంగళూరు పోవాలని మా కారు మాట్లాడుకున్నాడు. సరిగ్గా ఆ రోజే, బత్తలపల్లె దాటుతుండగా ముందు చక్రం బేరింగు గుర్రుమని మూలగడం మొదలుపెట్టింది. షోరూములో అడిగితే తెప్పించడానికి వారం పడుతుందన్నారు. బజారులో చూసి తెస్తానన్నాను.

"ఏంరా, డబ్బామీద పేరు సదివేదానికే రాదు, మంచిదేదో యెట్ల కనుక్కుంటావ్? ఈ తూరి తప్పిందంటే బండి ఇంగొకనికిస్తా, నువ్వు చేనికి పో" అన్నాడు బావ, నవ్వుతూనే. నవ్వెలా ఉన్నా మాట మాత్రం నిజం. చేనిలో నాకోసం ఎదురుచూస్తున్నది దుమ్మొక్కటే.

అనంతపురం పాతూరులో కారు సామాన్ల అంగడాయన నాలుగు డబ్బాలు ముందు పెట్టాడు. ఆ రోజుల్లో అసలు దానికన్నా నకిలీ డబ్బానే అందంగా ఉండేదని మీకూ గుర్తుండే ఉంటుంది. నాకు ఆ ఇంగ్లీషు అక్షరాలు చదవడం రాదు గనుక నన్ను మోసం చేయడం డబ్బాల వల్ల కాలేదు. నాలుగూ విప్పి, గుడ్డతో తుడిచి, ఒక్కొక్కటే చెవి దగ్గర తిప్పాను. విత్తనానికి పెట్టిన వేరుశనగ ఎండిందో లేదో మా నాయన కాయను చెవి దగ్గర ఆడించి చెప్పేవాడు. నాకొచ్చిన చదువు అదే. కాయ గలగలమంటే మంచిది, బేరింగు గలగలమంటే చెడ్డది. పాఠాన్ని తిరగేసుకోవడమే నా పని.

"ఏమప్పా, బేరింగు కొంటాండావా, చెనిక్కాయలా?" అన్నాడు అంగడాయన.

"మూడు బాగా ఎండినాయన్నా, ఆ నాల్గోదియ్యి" అన్నాను.

ఆయన మిగతా మూడూ పక్కకు జరిపి, నవ్వేశాడు. "ఇంగ నీకు డబ్బాలు చూపీను లేప్పా!"

నాల్గోది చిరిగిన డబ్బాలో ఉండడం చూసి బావ తల పట్టుకున్నాడు. కానీ బెంగళూరు పోయి తిరిగొచ్చేదాకా ఆ చక్రం నోరెత్తలేదు. బావ నన్ను మెచ్చుకోలేదు, బావలు మెచ్చుకోరు. కానీ ఎవరి బండి మూలిగినా, మావాని చెవిలో వేయండని పంపేవాడు. గుత్తి నుంచి కూడా డ్రైవర్లు వచ్చి నన్ను వెంటబెట్టుకుని అంగళ్లకు పోయేవాళ్లు. నేను గడప తొక్కితే చాలు, మెరిసే డబ్బాలు వాటంతటవే పైఅరకు ఎక్కేవి.

ఇప్పుడు వస్తువే గడప దగ్గరికి వస్తోంది. ఎదురుగా నిలబడి ఎగతాళి చేసే అంగడాయన లేడు, ఓడిపోయి నవ్వేవాడూ లేడు. మావాడు నవ్వుతుండగానే బేరింగును తిప్పాను. చప్పుడే లేదు. బాగుంది, బిగించుకోమని గర్వంగా చెప్పాను.

వాడు వెళ్లాక ఎందుకో అనుమానమొచ్చి, వంటింట్లోంచి బాగా ఎండిన చెనిక్కాయ ఒకటి తెచ్చి అదే చెవి దగ్గర ఆడించాను. అదీ మంచి బేరింగంత నిశ్శబ్దంగా ఉంది.