నీళ్లలో వెయ్యకండి

పక్క క్వార్టర్ పిన్ని పోయింది. పొద్దున్నే మా ఆయన డ్యూటీ దిగి వస్తూ గేటు దగ్గరే చెప్పారు. నిద్రలోనే పోయిందట. ఏడుపు తర్వాత వచ్చింది, ముందు వచ్చింది కోపమే.

ఆమె నాకు చుట్టం కాదు. ఛత్తీస్‌గఢ్ ఏర్పడిన కొత్తలో నేను పెళ్లయి పలాస నుంచి ఈ బిలాస్‌పూర్ రైల్వే కాలనీకి వచ్చేసరికి పక్కింటావిడ. రైలు గార్డుగా చేసిన భర్త పోయాక ఆమెకు రైల్వే ఆసుపత్రిలో ఆయా ఉద్యోగం ఇచ్చారు. ఆయన డ్యూటీకి తీసుకెళ్లే నల్ల ఇనప్పెట్టెకి చిల్లులు కొట్టించి, లోపల బల్బు వేలాడదీసి, తల్లిలేని బాతుపిల్లల్ని పెంచేది.

వాటికి తల్లి లేకుండా చేసింది మనుషులే. కాలనీ వెనక గుంట ఒడ్డున, గడ్డిలో, వానాకాలం అడవిబాతులు పొదుగుతాయి. సరిగ్గా అప్పుడే పెద్దాఫీసరు ఇన్‌స్పెక్షన్ అంటారు. ఇక అందరికీ పూనకం. చెట్ల మొదళ్లకి సున్నం, గడ్డికి కొడవళ్లు. "పది రోజులాగండి బాబూ, పిల్లలు నీళ్లలోకి దిగిపోతాయి" అని కాలనీ కమిటీ సెక్రటరీ ఇంటి చుట్టూ తిరిగేది పిన్ని. "అచ్ఛా, చూద్దాం" అనేవాడు. మర్నాడే కోయించేవాడు. తల్లిబాతులు బెదిరి ఎగిరిపోయి మళ్లీ వచ్చేవి కావు. ఆఫీసరు మాత్రం జీపు కూడా దిగకుండా వెళ్లిపోయేవాడు!

నేనొచ్చిన ఏడాది ఏడు పిల్లలు మిగిలాయి. ముచ్చటపడి మూడు నేను తెచ్చుకున్నాను. బేసిన్లో నీళ్లు పోసి వదిలాను. చేపపిల్లకి ఈత నేర్పాలా అంటారు కదా, బాతుపిల్లకీ అంతే అనుకున్నాను. ఈదుతుంటే చప్పట్లు కూడా కొట్టాను. కాసేపటికి మెడలు వాల్చేశాయి.

"ఏటి చేసినావే! తల్లి రెక్కల కింద తిరిగితేనే ఈటి ఒంటికి నూనె అంటుతాది. తల్లి లేని పిల్ల నానిపోతాది, చలికి చచ్చిపోతాది" అంటూ పరిగెత్తుకొచ్చింది పిన్ని. మూడూ దక్కలేదు. నన్ను కడిగిపారేసి, తర్వాత తనే టీ పెట్టి ఇచ్చింది. "జాలి అందరికీ ఉంటాదమ్మా. తెలీకపోతే అడగాల" అంది.

తను తీసుకున్న నాలుగింటినీ పెంచి, ఎగరడం వచ్చాక బుట్టలో పెట్టుకుని ప్యాసింజర్‌లో బిల్హా వరిచేల దగ్గరికి తీసుకెళ్లింది. నేనూ వెళ్లాను. వదిలాక వెనక్కి తిరిగి చూడలేదు. "చూస్తే మళ్లీ నా ఎనకే వచ్చేస్తాయి" అని గబగబా నడిచింది. స్టేషన్ దాకా ముక్కు చీదుతూనే ఉంది.

పెట్టె కంపు కొడుతోందని ఆమె మీద కంప్లైంటు పెట్టింది కూడా ఆ సెక్రటరీయే. ఇవాళ అదే మనిషి ఆమె వరండాలో నిలబడి, మూగజీవాల తల్లి అనీ, కాలనీకే గర్వకారణం అనీ చెబుతున్నాడు! శవం ఇంట్లో ఉందని నోరు కట్టుకుని లోపలికెళ్లాను. మంచం కింద పెట్టె తెరిచి ఉంది. ఖాళీ. నిన్న సాయంత్రం అందులో రెండు పిల్లల్ని చూశాను.

"పిల్లలేవి?" అన్నాను బయటికొచ్చి.

"పాపం, పెట్టెలో మగ్గుతున్నాయి కదమ్మా. నేనే ఇందాక టబ్బులో వదిలాను. హాయిగా ఈదుకుంటాయి" అన్నాడాయన. నిజంగానే జాలిపడి.

"ఏటి చేసినారు!" అని అరిచాను. నా నోట్లోంచి వచ్చింది పిన్ని మాటే. పెరట్లోకి పరిగెత్తి రెండింటినీ తీశాను. ముద్దయిపోయి, ఒణుకుతున్నాయి. "ఆ తువ్వాలిలా ఇయ్యండి" అన్నాను. భుజం మీది తెల్ల తువ్వాలు తీసి ఇచ్చాడు. ఆనాటి మూడింటి కోసం ఏడుస్తూ, ఈ రెండింటినీ తుడిచాను.

పెట్టె హాల్లోకి లాక్కొచ్చి, పిల్లల్ని అందులో పెట్టి బల్బు వేశాను. కూర్చున్నవాళ్లు జరిగి చోటిచ్చారు. పిన్ని తలదగ్గర దీపం వెలుగుతోంది. కాళ్లదగ్గర, పెట్టె చిల్లుల్లోంచి, సన్నగా కిచకిచలు మొదలయ్యాయి.