పసిఫిక్ జట్టు, హైదరాబాద్ రాహుకాలం

ఆస్ట్రేలియాలో, మా టూవూంబాలో ఏడు సీట్ల కారు కొనకూడదు. కొన్న మర్నాటి నుంచి మీరు మనిషి కాదు, ఊరి ఉమ్మడి ఆస్తి. ఎవరి సోఫా ఇల్లు మారాలన్నా, ఎవరి బంధువులు ఎయిర్‌పోర్టులో దిగినా ఫోను మీకే వస్తుంది.

అలాగే మా టెన్నిస్ క్లబ్బువాళ్లు ఏకంగా ఒక దేశాన్నే నాకు అప్పగించారు. పసిఫిక్‌లో చిన్న ద్వీపదేశం. పేరు రాస్తే అక్కడివాళ్లంతా ఎవరి గురించో చెప్పేస్తారు కాబట్టి రాయను. దేశాల మధ్య మహిళల జట్ల పోటీకి వచ్చారు. ముగ్గురు ఆడేవాళ్లు, ఒక కెప్టెన్. కెప్టెన్ స్కూల్ టీచరు. ఆడేవాళ్లలో ఒకమ్మాయి ఆవిడ చెల్లెలే. ఇంతవరకూ ఏ దేశం మీదా గెలిచింది లేదు. శనివారం వాళ్ల ఆఖరి పోటీ. రెండు సింగిల్స్, ఒక డబుల్స్. మూడింట్లో రెండు గెలిస్తే చాలు, మొదటి గెలుపుతో ఇంటికి వెళ్తారు.

ఆ ఉదయం మా ఇంట్లో ఇడ్లీలు తిని లేచారు. కాకినాడ నుంచి వచ్చి ఉన్న మా అత్తగారు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు.

"తొమ్మిదైంది బాబూ. పదిన్నర దాకా రాహుకాలం. కేలండర్లో ఉంది."

"పదింటికి మ్యాచ్ అత్తయ్యగారూ! అయినా అది హైదరాబాద్ కేలండర్. అక్కడ తొమ్మిదంటే ఇక్కడ మధ్యాహ్నం ఒంటిగంటన్నర. ఇప్పుడు శుభ్రంగా వెళ్లొచ్చు."

రాహుకాలం ఏ ఊరికి ఆ ఊరి సూర్యోదయాన్ని బట్టి ఉంటుందని నాకు తెలుసు. ఆవిడకు తెలియదనీ తెలుసు. నా ఎంటెక్ ఉపయోగపడిన సందర్భాల్లో ఇది మొదటిది. రెండోది ఇంకా రాలేదు. ఆవిడ వేళ్ల మీద లెక్కేసుకుని, సరేనని, తానూ కారెక్కారు.

సింగిల్స్‌లో ఒకటి పోయింది, ఒకటి గెలిచారు. మిగిలింది డబుల్స్. నిర్వాహకులు బోర్డు మీద సమయం రాశారు: ఒకటిన్నర.

అత్తగారు ముందు బోర్డు వైపు, తర్వాత నా వైపు చూశారు.

"మూడింటికి మొదలెట్టమనండి."

"మన పెళ్లిళ్లలాగా కాదండీ, ఇక్కడ రాసిన టైముకే మొదలెడతారు."

"లెక్క మీరు చెప్పిందే కదా, అల్లుడుగారూ?"

ఆట మూడో సెట్టు దాకా లాగింది. చివరికి అవతలివాళ్లకు మ్యాచ్ పాయింటు, ఇంకొక్కటి వస్తే గెలుపు వాళ్లదే; సర్వీసు మన కెప్టెన్ చెల్లెలిది. మొదటి సర్వ్ నెట్‌కు కొట్టింది. రెండోది కాస్త మొహమాటపడుతూ వెళ్లి, అదే నెట్‌లో, దాదాపు అదే చోట పడింది. రెండు సర్వ్‌లూ పోతే పాయింటు అవతలివాళ్లకే. అంతే, అయిపోయింది.

ఆ అమ్మాయి టవల్ మొహాన కప్పుకుని బెంచీ మీద కూర్చుంది. అత్తగారు పక్కన కూర్చుని వీపు నిమురుతూ, "తప్పు నాదే తల్లీ. వేళ మంచిది కాదని తెలిసి కూడా గట్టిగా చెప్పలేకపోయాను. చెప్పండి బాబూ, వాళ్లకి చెప్పండి" అన్నారు.

ఇంగ్లిష్‌లో చెప్పాను. ఒంటిగంటన్నర లెక్క ఎవరిదో మాత్రం చెప్పలేదు.

కెప్టెన్ రాకెట్లు సంచిలో సర్దుతూ, తలెత్తకుండా అన్నారు:

"టైముదేం లేదు. మా చెల్లికి రెండో సర్వ్ రాదు."