జోడీ పేర్లు, నోటికి తాళాలు

పంతొమ్మిది వందల ముప్ఫైలనాటి మాట. నాకు కవల మగపిల్లలు పుట్టారని కబురందగానే మా అత్తగారు కొల్లేటి ఒడ్డు నుంచి పడవలో బయల్దేరి, ఏలూరులో రైలెక్కి, తాడేపల్లిగూడెంలో మా పుట్టింటికి వచ్చేశారు. ఒక చంకన బట్టల మూట, రెండో చంకన నీళ్ల బిందె. బిందెలో, బాలింతకి మంచివని, ప్రాణంతో ఉన్న కొర్రమీనులు. ఆ బిందె దించకుండానే, పెద్దాడికి మామగారి పేరు అని తేల్చేశారు. మామగారు పోయి అప్పటికి ఏడాది.

నాకు ఒళ్లు మండిపోయింది. మోసింది నేను, కన్నది నేను. మామగారి పేరు కోడలు పలకకూడదాయె. ఇక నా కొడుకుని నేనేమని పిలుచుకోవాలి?

అంతటితో ఆగినా బాగుండేది. కవలలకి జోడీ పేర్లుండాలట. మామగారిది తండ్రి మాటకి అడవికెళ్లిన దేవుడి పేరు. ఆయన వెంట నడిచిన తమ్ముడి పేరు చిన్నాడికి ఖాయం చేశారు. అది మా బావగారి పేరు. అదీ నేను పలకకూడదు. ఉన్న ఒక్క నోటికీ రెండు తాళాలు పడ్డాయి.

మా ఆయనకి మొర పెట్టుకుంటే, "అమ్మ మాట ఎలా కాదనను? పెద్దాడా, చిన్నాడా అని పిలుచుకో," అన్నారు. మా అమ్మ ఇంకా నయం. "నిన్ను నేను పేరుపెట్టి ఎన్నడు పిలిచానే? ఒసేయ్ అంటే పలకలేదూ?" అంది.

బారసాల పొద్దున ఇక ఉండబట్టలేక అత్తగారినే అడిగేశాను.

"ఆ పేరు మీరు మాత్రం పలుకుతారాండీ అత్తయ్యగారూ? గుళ్లో కూడా 'అడవికెళ్లినాయనా' అనే దణ్ణం పెట్టుకుంటారు. మీకూ పనికిరాదు, నాకూ పనికిరాదు. మరెందుకండీ?"

పసిగుడ్డలు మడతపెడుతున్న ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

"పలకడానిక్కాదమ్మా. ఆయన పోయాక ఆ పేరు ఇంట్లో వినపడ్డమే లేదు. ఎవరైనా పిలుస్తుంటే విందామని."

నా కోపం ఎటు పోయిందో తెలియలేదు. ఆవిడ మీద జాలేసింది. ఇన్నాళ్లూ మనసులో తిట్టుకున్నందుకు సిగ్గూ వేసింది.

మా ఆయన పళ్లెంలోని బియ్యం మీద ఉంగరంతో పేర్లు రాశారు. "తల్లి కూడా బిడ్డ చెవిలో మూడుసార్లు చెప్పాలమ్మా," అన్నాడు పురోహితుడు. ఊరికే పెదవులు కదపమని మా అమ్మ కళ్లతోనే సైగ చేసింది. భర్త పోయిన మనిషి శుభకార్యంలో ఎదురుపడకూడదని అత్తగారు వంటింటి గుమ్మం అవతల కూర్చున్నారు. చెవిలో చెబితే అక్కడిదాకా ఏం వినిపిస్తుంది?

పెద్దాణ్ణి ఎత్తుకుని గుమ్మం వైపు తిరిగాను. ఇల్లంతా మోగేలా మామగారి పేరు పలికాను. పిల్లాడు గుక్కపెట్టి ఏడ్చాడు. మా అమ్మ తల పట్టుకుంది. తరవాతి వంతు తన పేరుదేనని కాబోలు, బావగారు చుట్ట వంకన వీధిలోకి జారుకున్నారు. నేను ఆగలేదు. రెండోసారి, మూడోసారి కూడా పలికాను.

గుమ్మం అవతల నుంచి అత్తగారి గొంతు వచ్చింది.

"పిల్లాడి ఏడుపులో సరిగ్గా వినపళ్లేదమ్మా. ఇంకొక్కసారి పిలువు."