ఫీజు కట్టిన పాఠం

పెళ్ళిళ్ళు తీసే ఫొటోగ్రాఫర్లకి తీరిక దొరికేది ఆషాఢంలోనే. ముహూర్తాలుండవు కాబట్టి రాజమండ్రిలో మా ఫొటోగ్రాఫర్ల సంఘం క్లాసులన్నీ ఆ నెలలోనే. లైటింగ్ తెలిసినవాడు లైటింగ్ చెప్పేవాడు, వీడియో తెలిసినవాడు వీడియో. పైసా తీసుకునేవాళ్ళం కాదు. పాఠం సగంలో ఉన్నా సరే, శ్రావణం వచ్చిందంటే కెమెరా సంచీ భుజాన వేసుకుని ఎవరి దారిన వాళ్ళం పోయేవాళ్ళం. మిగతాది వచ్చే ఆషాఢంలో. ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు.

డిజిటల్ కెమెరాలు దిగాక సంఘానికి కంప్యూటర్ కొనాల్సి వచ్చింది. ఆల్బమ్ డిజైనింగ్ క్లాసులకి ఫీజు పెడదామన్నారు ప్రెసిడెంటు గారు. బయటివాళ్ళూ చేరతారు, హాలు అద్దె కూడా వచ్చేస్తుందన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"సంఘం పెట్టుకుంది ఒకరికొకరం సాయపడ్డానికా, కొట్టు తెరవడానికా అండి?" అని లేచి అరిచాను.

నా కోపం ఒకావిడ కోసం. మా మెంబరు ఒకాయనకి షుగర్ వచ్చి చూపు మందగించింది. భార్యే స్టూడియో చూసుకుంటోంది. ఫొటోలు బాగానే తీసేది గానీ, కంప్యూటర్ మీద ఆల్బమ్ చేయడం రాక బేరాలన్నీ పక్క వీధికి పోతున్నాయి. ఆ సీజన్ కూడా చేజారితే స్టూడియో మూసేయడమే. అలాంటి మనిషి దగ్గరా వసూలు చేస్తారా అని గొడవపడ్డాను. ఎవరూ వినలేదు సరికదా, సాఫ్ట్‌వేర్ వచ్చింది నాకొక్కడికే కాబట్టి క్లాసు కూడా నాకే అంటగట్టారు. ఆవిడకి ఫీజు వద్దందామనుకునేలోపే ఆవిడ కట్టేసింది.

ఆ ఏడాది కరెంటు కోతలు విపరీతం. ఆషాఢం అయిపోయింది, పాఠం సగంలోనే ఉంది. అలవాటు చొప్పున కుర్చీలు మడతపెడుతూ, "మిగతాది వచ్చే ఆషాఢంలో చూసుకుందాం" అన్నాను. అందరూ లేచారు. ఆవిడ లేవలేదు.

"వచ్చే ఆషాఢానికి మా స్టూడియో ఉండదండి, అన్నయ్య గారూ."

"ముహూర్తాలు మొదలైపోతున్నాయి కదమ్మా."

"నాకూ మొదలవుతున్నాయండి. ఆ ఆల్బమ్‌లు ఎవరు చేస్తారు? మీరు ఊరికే చెప్పుంటే నోరు మూసుకుని ఇంటికి పోయేదాన్ని. ఫీజు కట్టానండి. మిగతాది చెప్పాల్సిందే."

నాకు కోపం రావాలి. రాలేదు. ఇన్నేళ్ళూ మేం పాఠాలు సగంలో ఆపేసిపోతున్నా, నేర్చుకునేవాళ్ళలో ఒక్కరూ నోరు విప్పలేదెందుకో అప్పుడు తట్టింది. కడియంలో నేను ఒప్పుకున్న పెళ్ళి ప్రెసిడెంటు గారికి అప్పగించాను. ఫీజు పెట్టింది ఆయనే కదా, అనుభవించాలి. పాపం ఆయన నవ్వుకుంటూనే వెళ్ళారు.

శ్రావణంలో పొద్దున్నే, స్టూడియోలు తెరవకముందు, పాఠం సాగించాం. ఒకరోజు ఆవిడ తను చేసిన మొదటి ఆల్బమ్ పట్టుకొచ్చింది. పెళ్ళికూతురి చుట్టూ గులాబీలు కాస్త ఎక్కువే పోసింది గానీ, పెళ్ళివారు మురిసిపోయి చుట్టాల బేరాలు కూడా తెచ్చిపెట్టారట. నాకు కళ్ళు చెమర్చాయి. మన మెంబరు భార్యే కదా, ఆవిడ ఫీజు ఆవిడకి తిరిగిచ్చేద్దామని సంఘంలో అన్నాను. ఈసారి అందరూ ఒప్పుకున్నారు. కవరు చేతికివ్వబోతే ఆవిడ చేతులు వెనక్కి పెట్టుకుంది.

"ఉంచండి, అన్నయ్య గారూ. రేపు మళ్ళీ డౌటొస్తే ఏ మొహం పెట్టుకుని అడగను?"