అత్తమ్మ ఎక్కిన బండి

నాకు బండి నడపడం వచ్చు, రోడ్డు మీద నడపడం రాదు. ఈ మాట చెబితే సైదాబాద్‌లో మా గల్లీవాళ్ళు నవ్వేవారు. పెళ్ళికి ముందు పదేళ్ళపాటు నేను నడిపినవన్నీ మట్టిలో తోలే మోటారు సైకిళ్ళే. ఊరి బయట మా అన్న ఒక ఎర్రమట్టి ట్రాక్ నడుపుతాడు. గుట్టలు, గుంతలు, బురద, మళ్ళీ గుట్టలు. ఆ బండ్లకు లైటుండదు, హారనుండదు, అద్దాలుండవు, తాళంచెవి కూడా ఉండదు. కిక్కు కొట్టడం, పోవడం. స్టాండు కూడా ఉండదు కాబట్టి దిగాక గోడకు ఆనించేవాళ్ళం. వెనక సీటు సంగతి సరేసరి. వెనక ఒక మనిషి కూర్చుంటుందన్న ఆలోచనే అక్కడ ఎవరికీ రాదు.

పైగా ట్రాక్ మీద అందరూ ఒకే దిక్కుకు పోతారు. మలక్‌పేటలో రోడ్డు పక్కన ఐదు నిమిషాలు నిలబడితే నాకు చెమటలు పట్టేవి. ఎదురుగా వచ్చేవాళ్ళు, అడ్డంగా దూరేవాళ్ళు, ఎటు పోవాలో ఇంకా తేల్చుకోనివాళ్ళు. లైసెన్సు ఉండి ఏం లాభం? బండితో సహా గాల్లోకి ఎగిరినదాన్ని, రోడ్డు దాటాలంటే అత్తమ్మ చెయ్యి పట్టుకునేదాన్ని. సిగ్గుగానే ఉండేది.

అత్తమ్మ సిటీ బస్సు కండక్టరు. ఇరవై ఆరేళ్ళ సర్వీసు. కదిలే బస్సులో ఏ రాడ్డూ పట్టుకోకుండా, కాళ్ళు రెండూ ఎడంగా పెట్టి నిలబడి టికెట్లు కొడుతుంది. డ్రైవరు గట్టిగా బ్రేకు వేస్తే బస్సంతా ముందుకు తూలుతుంది, ఆమె మాత్రం మాట్లాడుతున్న మాట కూడా ఆపదు.

ఆమెను దూరపు డిపోకు మార్చారు. తెల్లవారుజామున ఐదింటిలోపు సంతకం పెట్టాలి. ఆలస్యమైతే ఆ రోజు డ్యూటీ ఇంకొకరికి పోతుంది. బస్సు నడిపించే మనిషికి బస్సు దాకా పోవడానికి బస్సు లేదు. మా ఆయనది రైలు డ్యూటీ, వారంలో నాలుగు రోజులు ఇంట్లో ఉండడు. ఆ వేళప్పుడు ఆటో దొరికితే దొరికినట్టు. మొదటి నెలలోనే మూడుసార్లు అత్తమ్మ డిపో దాకా పోయి డ్యూటీ లేకుండా తిరిగొచ్చింది. మూడోసారి వచ్చినప్పుడు ఖాకీ కోటు కూడా విప్పకుండా కుర్చీలో కూలబడి, "ఇరవై ఆరేండ్లల్ల ఎన్నడు గిట్ల కాలే" అంది. నాకు మనసు చివుక్కుమంది.

"నేను దింపుత అత్తమ్మా. ఒక బండి కొందం" అన్నాను.

"బండ్ల మీద నేను కూసోను."

కారణం ఇంట్లో అందరికీ తెలిసిందే. వెనకటికి అత్తమ్మ మామయ్య స్కూటరు వెనక పక్కకు తిరిగి కూర్చుని పోతూ, గుంత వస్తే ఎగిరి కింద పడిందట. దెబ్బ పెద్దగా తగల్లేదు. కానీ మామయ్య చూసుకోలేదు. ఎవరిదో పెళ్ళి సంగతి చెప్పుకుంటూ, ఖాళీ సీటుతో కబుర్లాడుతూ మసీదు మలుపు దాకా పోయాడట. మామయ్య పోయి ఏడేళ్ళయింది, ఈ కోపం మాత్రం పోలేదు.

"ఎనక మనిషి ఉన్నదో పడ్డదో చూడనోళ్ళ బండి ఎక్కొద్దని గప్పుడే అనుకున్న" అని, నన్ను సూటిగా అడిగింది. "నువ్వు ఎన్నడన్న ఎనకకు చూసినవా?"

చూడలేదు. చూడడానికి అద్దం ఉంటే కదా. అయినా వారం రోజులు ఆమె వెంటపడ్డాను. నా పోరు పడలేక "సరే, చూద్దం తియ్" అంది.

కిషన్‌బాగ్‌లో పాత బండ్లు బాగుచేసి అమ్మే చాచా ఒకాయన ఉన్నాడు. మా అన్నకు ట్రాక్ బండ్ల సామాను తెచ్చిచ్చేది ఆయనే. ముందు నేనొక్కదాన్నే పోయాను. షెడ్డు మూలన ఒక ఎత్తు బండి కనబడింది, మట్టికీ రోడ్డుకూ రెంటికీ పనికొచ్చే రకం. ముందు చక్రం పెద్దది, హ్యాండిలు వెడల్పు. ఎక్కి ఫుట్‌రెస్టుల మీద నిలబడ్డాను. ట్యాంకు నా మోకాళ్ళ మధ్య కొలత తీసి చేయించినట్టు ఒదిగింది. మనసు పారేసుకోవడానికి ఇంకేం కావాలి?

చాచా చాయ్ తాగుతూ, "ఎనక ఎవరు కూసుంటరు బేటీ?" అన్నాడు.

పదేళ్ళలో ఏ బండి దగ్గరా నన్నెవరూ అడగని ప్రశ్న. "మా అత్తమ్మ" అన్నాను.

"గట్లయితే అమ్మను తోల్కరా. నీకు నచ్చుడు కాదు, ఆమెకు నచ్చాలె."

ఇంటికి వచ్చేలోపు నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. యాభై ఆరేళ్ళ మనిషి ఎక్కే ఎత్తు కాదది. పక్కకు కూర్చుంటే కాళ్ళు పెట్టుకునే మెట్టు, చీర చక్రంలో పడకుండా జాలీ ఉన్న పొట్టి బండే సరైనది. ఇల్లు, డిపో, మళ్ళీ ఇల్లు. దానికి గుట్టలెక్కే బండెందుకు? ఇంత తెలివిగా ఆలోచించాను గానీ ఆ పూట అన్నం సహించలేదు.

అత్తమ్మ సెలవు రోజున ఇద్దరం పోయాం. డ్యూటీకి వేసుకునే పంజాబీ డ్రస్సే వేసుకొచ్చింది. చాచా పొట్టి బండిని ముందుకు తెచ్చి పెట్టాడు. అత్తమ్మ పక్కకు తిరిగి కూర్చుంది, నిమిషంలో దిగింది.

"రెండు కాళ్ళు ఒక్క దిక్కే ఏలాడేస్తే మనిషికి పట్టేముంటది భాయ్? బస్సుల గిట్ల నిలబడితే నేను ఎప్పుడో పడిపోదును."

రెండోది కుర్రాళ్ళ బండి, వెనక సీటు నిక్కి ఉంటుంది. "గిది సీటా, రొట్టెల పీటా?" అని దాన్ని ముట్టుకోనైనా లేదు. నన్నడిగింది, "నీకేది నచ్చింది?"

"గా పొట్టిదే మంచిగున్నది అత్తమ్మా. రెండు దిక్కుల కాళ్ళేస్కొని కూసుంటే అయిపాయె."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "టికెట్ తీస్కోనోడు నాకెట్ల దొరుకుతడో ఎరికేనా? బస్సంత చూస్తడు, నా దిక్కు మాత్రం చూడడు. నువ్వు వచ్చినకాంచి అన్ని బండ్లు చూసినవ్. మూలకున్న గా ఎత్తుదాన్ని మాత్రం చూస్తలేవ్. ఏంది సంగతి?"

నా చెవులు వేడెక్కాయి. చాచా ఏదో నట్టు బిగిస్తున్నట్టు తల వంచుకున్నాడు గానీ, నవ్వుకు భుజాలు ఊగుతూనే ఉన్నాయి. నిజం ఒప్పుకున్నాను. ఒప్పుకున్నాక ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

అత్తమ్మ ఎత్తు బండి చుట్టూ ఒకసారి తిరిగింది. సీటు వెనక సామాను కట్టుకునే ఇనుప కడ్డీలు గుంజి చూసింది. తర్వాత నన్ను ముందు కూర్చోమని, నా భుజం మీద చెయ్యి వేసి, ఎడమకాలు ఫుట్‌రెస్టు మీద పెట్టి, బస్సెక్కినట్టు ఒక్క ఊపున ఎక్కింది. కాళ్ళు రెండు వైపులా వేసి కూర్చుని నా తల మీదుగా రోడ్డు చూసింది.

"ఈడికెల్లి ముందర అంత కనబడ్తది. స్కూటర్ మీద ఒక్క దిక్కు గోడలే కనబడుతుండె" అంది. అంతలోనే చాచా వైపు తిరిగి, "అద్దాలేవి భాయ్? పెద్దయి పెట్టు. నేనున్ననో లేనో ఈమె చూస్కుంటుండాలె" అంది. ఆ బండి అద్దాలు ఎవరో పీకేశారు. చాచా ఎక్కడివో గుండ్రటివి రెండు వెతికి తెచ్చి బిగించాడు.

అయినా ఆ రోజు ఆమె నా వెనక ఎక్కి ఇంటికి రాలేదు. "ముందు అద్దంల చూసుడు నేర్చుకో. వారం టైమిస్తున్న" అని ఆటో ఎక్కి, నా వెనకే వస్తూ నా ఘనకార్యాలన్నీ చూసింది. మలుపు దగ్గర ట్రాక్ అలవాటు కొద్దీ కాలు బయటికి చాపాను, పక్క బండివాడు తననే తన్నబోతున్నానని తిట్టాడు. ఇండికేటరు వేసి మరిచిపోతే మూడు గల్లీలు దాటినా అది కొట్టుకుంటూనే ఉంది. ఇంటి ముందు దిగి, స్టాండు ఉందన్న సంగతే గుర్తులేక బండిని గోడకు ఆనించి, తాళంచెవి దానికే వదిలేసి లోపలికి పోయాను. అత్తమ్మ తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టింది.

ఆ వారమంతా పొద్దున్నే లేచి గల్లీలు తిరిగాను. అద్దంలో చూస్తే ముందు బర్రె, ముందుకు చూస్తే వెనక హారను. నాలుగో రోజుకు రెండూ ఒకేసారి కనబడడం మొదలైంది.

ఎనిమిదో రోజు తెల్లవారుజామున అత్తమ్మ ఖాకీ కోటు వేసుకుని వచ్చింది. గడ్డం ముందుకు పొడుచుకొచ్చిన నా పాత ట్రాక్ హెల్మెట్ ఇస్తే తలకు తగిలించుకుంది. లోపల కళ్ళు మాత్రం కనబడుతున్నాయి. "ఒక్కసారి కొడితే ఆపు, రెండుసార్లు కొడితే పో" అని నా భుజం మీద రెండుసార్లు తట్టి, "రైట్, రైట్" అంది.

మలక్‌పేట దాటేదాకా ఊపిరి బిగబట్టి నడిపాను. తర్వాత రోడ్డు ఖాళీ. చల్లటి గాలి, తడి మట్టి వాసన. చేతులు నెమ్మదిగా వదులయ్యాయి, కొంచెం వేగం పెంచాను. రంగు వేయని స్పీడ్ బ్రేకరు ఒకటి ఉన్నట్టుండి ముందుకొచ్చింది. నా కాళ్ళు నన్ను అడగలేదు. గుట్ట కనబడితే ఫుట్‌రెస్టుల మీద లేచి నిలబడడం పదేళ్ళ అలవాటు. లేచాను. లేచాక గుర్తొచ్చింది, వెనక మనిషి ఉంది. చక్రాలు ఎగిరి దిగాయి. నా పైప్రాణాలు పైనే పోయాయి. వీధిలైట్ల వెలుతురులో అద్దంలోకి చూశాను.

అత్తమ్మ ముఖం లేదు. ముఖం ఉండాల్సిన చోట ఖాకీ కోటు గుండీలున్నాయి.

తల వంచి చూస్తే అప్పుడు కనబడింది. ఆమె కూడా లేచి నిలబడి ఉంది. కాళ్ళు రెండూ ఎడంగా, ఒక చెయ్యి నా భుజానికి కాస్త పైన గాల్లో, అచ్చం బస్సులో నిలబడినట్టే. హెల్మెట్ లోపల కళ్ళు నవ్వుతున్నాయి. నేను కూర్చున్నాను. ఆమె ఇంకాసేపు అట్లాగే నిలబడింది. తర్వాత కూర్చుని నా భుజం మీద రెండుసార్లు తట్టింది. ఆ రెండు దెబ్బలకు నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, ఏడుపు కాదు, పట్టలేని సంతోషం.

డిపోకు పది నిమిషాలు ముందే చేరాం. సంతకం పెట్టి మళ్ళీ గేటు దాకా వచ్చింది. అద్దంలో చూశానా లేదా అని అడుగుతుందనుకున్నాను.

"రేపు కాలువ దిక్కు తొవ్వకెల్లి పోదం" అంది.

"అది చుట్టు తిరుగుడు అత్తమ్మా. పైంగ స్పీడ్ బ్రేకర్లు మస్తున్నయ్."

"ఎరికే. గందుకే" అని డ్యూటీకి పోయింది.