అక్క పాస్‌వర్డ్

కరీంనగర్ చుట్టుపక్కల ఆఫీసుల్లో కంప్యూటర్లు చూసుకోవడం నా పని. ప్రింటర్ మొరాయించినా, నెట్ రాకపోయినా నన్నే పిలుస్తారు. వాటితో నాకు పేచీ లేదు. మనుషులతో గట్టి పాస్‌వర్డ్ పెట్టించడమే నా వల్ల కాలేదు, ఇక కాదు కూడా.

మా దగ్గర ఒక ఆనవాయితీ ఉంది. సెలవు మీద పోయేవాళ్లు పక్క సీటువాళ్లకు పాస్‌వర్డ్ చెప్పి పోవాలి, ఊరికి పోతూ పొరుగింట్లో తాళంచెవి ఇచ్చినట్టు. చెప్పకపోతే మొహం మాడ్చుకుంటారు. "మేం పరాయోళ్లమా?" అంటారు.

హుజూరాబాద్‌లో భూముల రికార్డులు చూసే ఒక అక్క ఉండేది. ఆమె పాస్‌వర్డ్ ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలే.

"నీకే యాదుండే మాట ఒకటి పెట్టుకో అక్కా. జర పొడుగుండాలె" అన్నాను.

కొంచెంసేపు ఆలోచించింది. వాళ్ల బాపు బొగ్గుబాయిలో పనిచేసేవాడట. డ్యూటీకి పోతూ రోజూ అనేవాడట, "పోయొస్త బిడ్డా, తలుపేస్కో" అని. ఆ మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టింది. అంత మంచి పాస్‌వర్డ్ నేను అంతకుముందు చూడలేదు. సంతోషం పట్టలేక చాయ్ తెప్పించాను.

చుట్టాల పెళ్లికని ఆమె సెలవు పెట్టి హుస్నాబాద్ పోయినప్పుడు, ఆమె లాగిన్‌తో ఎవరో ఒక రైతు భూమిని వేరేవాళ్ల పేరు మీదికి మార్చారు. విచారణకు వచ్చిన అధికారి నన్ను పిలిచాడు. కంప్యూటర్‌లో ఆమె పేరే ఉంది, ఉన్నదే చెప్పాను. సెలవులో ఉన్నానని ఆమె మొత్తుకున్నా, పాస్‌వర్డ్ ఎవరిదైతే బాధ్యత వాళ్లదే అన్నారు. ఆఫీసులో అందరూ ఎవరి ఫైళ్లలో వాళ్లు తల దూర్చారు. అక్కను సస్పెండ్ చేశారు.

"ఎవరికి చెప్పినవ్ అక్కా?" అని వరండాలో అడిగాను.

"అందరికి చెప్పిన తమ్మీ. మా బాపు మాట గద, దాసుకుంటనా?" అన్నది. మళ్లీ తనే, "గా రైతు నన్ను దొంగ అంటుండు" అన్నది.

నాకు ఏడుపొచ్చింది. కోపమూ వచ్చింది, కానీ ఎవరి మీద చూపించాలో తెలియలేదు.

కొన్నాళ్లకు అదే ఆఫీసులో పాస్‌వర్డ్‌ల మీద అందరికీ క్లాసు చెప్పమన్నారు. అక్క కుర్చీ ఖాళీగానే ఉంది. గట్టిది పెట్టుకోండి, ఎవరికీ చెప్పకండి అని గొంతు పోయేదాకా చెప్పాను. చెవిటివాని ముందు శంఖమూదానని అనలేను, పాపం శ్రద్ధగానే విన్నారు.

చివర్లో అక్క పక్క సీటాయన లేచాడు.

"సార్, గా అక్కదే మేం గూడ పెట్టుకుంటం. అందరికి నోటికొచ్చు."