రంపం మిగిల్చిన గంటలు

మా అన్న వేళ్లు తెల్లబడటం మొదట చూసింది వదిన. చలికాలం పొద్దున, పనికి పోయే ముందు ఆమె అందించిన చాయ్ గ్లాసు అన్న చేతిలోంచి జారి గడప దగ్గర పగిలింది. ఆమె నన్ను పిలిచి, "మీ అన్న వేళ్లు సున్నం పూసినట్టున్నయ్, జర చూడు" అన్నది. చూశాను. కుడిచేతి చూపుడు వేలు, నడిమి వేలు, ఉంగరం వేలు రెండో కణుపు దాకా తెల్లగా ఉన్నాయి. గీత గీసినట్టు అక్కడ ఆగి, ఆ పైన మామూలు రంగు. గిల్లితే అన్నకు తెలియలేదు. పొయ్యి దగ్గర కాచుకుంటే కాసేపటికి ఎర్రబడ్డాయి. నొప్పి అప్పుడు మొదలైంది.

అన్న మా పెద్దనాన్న కొడుకు. శంషాబాద్ చుట్టుపక్కల చెట్లు కొట్టడం అతని పని. ఎయిర్‌పోర్టు తెరిచాక ఆ పనికి కొదవ లేదు. రోడ్డు వెడల్పు చేయాలన్నా, గోదాం కట్టాలన్నా అడ్డం ఉండేది చెట్టే. మామిడితోట ప్లాట్లు కావాలంటే ముందు మామిడి పోవాలి. అన్న దగ్గర పెట్రోలుతో నడిచే పెద్ద చైన్ రంపం ఒకటి ఉండేది. దాని బద్ద పొడవు ముప్పై ఆరు అంగుళాలు. ఇద్దరు చేతులు చాపి పట్టుకున్నా అందని చింతమానును అటొకసారి ఇటొకసారి కోసి పడేసేది.

నేను మెకానికల్ డిప్లొమా పూర్తిచేసి, రావిర్యాల వైపు వస్తాయన్న కంపెనీల కోసం ఎదురుచూస్తూ, ఆలోగా అని గగన్‌పహాడ్‌లో ఒక లేత్ షెడ్డులో చేరాను. ఆ 'ఆలోగా' ఇంకా అవలేదు.

దవాఖానలో డాక్టరమ్మ అన్న వేళ్లను ఒక్కొక్కటిగా నొక్కి చూసింది.

"మిషన్ రోజుకి ఎంతసేపు పట్టుకుంటారు?"

"పొద్దుగూకేదాక, మేడం."

"ఆ వణుకుకి వేళ్లలో నరాలు, రక్తనాళాలు దెబ్బతింటున్నాయి. ఇప్పుడు మానేస్తే ఇంతటితో ఆగొచ్చు. మానకపోతే పోయిన స్పర్శ తిరిగి రాదు. పూర్తిగా మానలేకపోతే గంటలైనా తగ్గించండి."

బయటికొచ్చాక అన్న నవ్వాడు. "చెట్లు కొట్టెటోన్ని చెట్లు కొట్టొద్దంటది. ఇగ నేనేం జెయ్యాల్నట, గాలిమోటర్ నడపాల్నా?" అప్పుడే ఒక విమానం మా నెత్తి మీదుగా దిగుతున్నది.

మానడం అన్న చేతిలో ఉంది. గంటలు తగ్గించడం మాత్రం నా చేతిలో ఉందనుకున్నాను. అదే చెట్టును సగం సమయంలో కోయగలిగితే, వణుకు చేతికెక్కే సమయం కూడా సగమే కదా. డాక్టరమ్మ మాట నాకు ఒక ఇంజనీరింగ్ ప్రశ్నలా వినబడింది. చాలా రోజుల తర్వాత నా చదువుకు ఒక పని దొరికింది.

షెడ్డు వెనక ఖాళీ స్థలంలో రెండు రాళ్ల మీద ఒక చింతమొద్దును పడుకోబెట్టాం. పరీక్షకు నియమాలు పెట్టుకున్నాను. అదే మొద్దు, అదే మనిషి, ప్రతిసారీ కొత్తగా ఆకురాయి పెట్టిన చైన్. మొదటి కోత ఇంజను వేడెక్కడానికి, దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. ఒకసారి ఒక్క మార్పే చేయాలి. రెండు కలిపి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. మొదటి రోజే ఈ నియమాలకు ఇంకొకటి కలిసింది. ఆ మొద్దు రోడ్డు పక్క చెట్టుది కాబట్టి, ఎవరో ఎప్పుడో దానికి మేకుతో ప్లాట్ల బోర్డు కొట్టారు. బోర్డు ఎప్పుడో పోయింది. మేకు మీద చెట్టు పెరిగి దాన్ని లోపల దాచుకుంది. చైన్ దానికి తగిలి సగం పళ్లు మొద్దుబారాయి. అప్పటినుంచి కోసే చోట ముందు అయస్కాంతం ఆడించి చూసేవాళ్లం.

ముందు సైలెన్సర్ విప్పి, లోపలి జాలీ తీసి, పొగ పోయే దారి పెద్దది చేశాను. ఇంజను ఊపిరి తేలికపడింది. దానికి తగ్గట్టు పెట్రోలు కొంచెం ఎక్కువ అందేలా కార్బురేటర్ స్క్రూ తిప్పాను, లేకపోతే పిస్టన్ కాలిపోతుంది. సిలిండర్లో పొగ బయటికొచ్చే రంధ్రాన్ని ఆకురాయితో కొద్దికొద్దిగా వెడల్పు చేశాను. ఈ పని తొందరపడితే సిలిండర్ పారేయాల్సిందే. చైన్‌ను తిప్పే పళ్లచక్రం తీసి ఒక పన్ను ఎక్కువున్నది వేశాను. చివరికి చైన్. ప్రతి పంటి ముందు ఒక చిన్న గడ్డ ఉంటుంది. పన్ను ఎంత లోతు కరవాలో అదే నిర్ణయిస్తుంది. దాన్ని అరగదీస్తే పన్ను లోతుగా కరుస్తుంది.

ఒక్కో మార్పు తర్వాత అన్న కోసేవాడు, నేను సెల్‌ఫోన్లో సమయం చూసేవాణ్ని. మొద్దు ఒక చివరి నుంచి బిళ్లలు బిళ్లలుగా తరిగిపోతూ వచ్చింది. చివరి పరీక్షలో, మొదట్లో పట్టిన సమయంలో సగానికి కొంచెం తక్కువ వచ్చింది. పొట్టు పడటం లేదు, పెద్ద పెద్ద పేళ్లు ఎగురుతున్నాయి. షెడ్డు ఓనరు లోపలి నుంచి అరిచాడు.

"అరేయ్, గది మిషనా, మీద పడే దయ్యమా? లేత్ మీద నా చెయ్యి అదురుతున్నది!"

అన్న రంపం ఆపి మొహం మీది పొట్టు తుడుచుకున్నాడు. "తమ్మీ, పెరుగుల చెంచా పెట్టినట్టున్నదిరా."

పిడిలో వణుకు మునుపటికంటే కొంచెం పెరిగింది. అది నాకు తెలుసు. పన్ను లోతుగా కరిస్తే ఎదురు తన్ను కూడా ఎక్కువే. కానీ గంటలు సగమయ్యాయి కాబట్టి మొత్తం మీద లాభమే. ఆ లెక్కను ఇప్పటికి ఎన్నోసార్లు చేసి చూసుకున్నాను. తప్పు లేదు.

మార్చిన రంపంతో మొదటి వారం గడిచింది. అన్న మధ్యాహ్నానికి ఇంటికి వస్తాడనుకున్నాను. ఎప్పటిలాగే పొద్దుగూకాక వస్తున్నాడు. వదినను అడిగితే చెప్పింది. ఎప్పుడూ చేసే రోడ్డు కాంట్రాక్టరు పని మధ్యాహ్నానికే అయిపోతున్నదట. అక్కణ్నుంచి రావిర్యాల వైపు ఒక ప్లాట్ల వెంచర్లో మామిడితోట కొట్టడానికి పోతున్నాడట. ఎవరూ పంపలేదు. తనే పోయి ఒప్పుకున్నాడు.

ఆ సాయంత్రం అడిగాను.

"ఎందుకన్నా? జల్ది ఇంటికొచ్చి చేతులకు దమ్ము ఇస్తవనే కద గింత జేసిన."

"ఇస్తే?"

"నిలుస్తయ్."

"డాక్టరమ్మ ఏమన్నది? ఆగొచ్చు అన్నది. ఆగుతయ్ అన్లే." అన్న నా మీద కోపంగా లేడు. చిన్నపిల్లవాడికి చెప్పినట్టు చెప్పాడు. "ఇవి ఎట్లయినా పోయేటియే. పోకముందే ఎంత కొడితే గంత. నీ పుణ్యాన రెండు దినాల పని ఒక్క దినంల అయితున్నది. పోయినంక కూసుండుడే కద, అప్పుడు ఇస్త దమ్ము."

వదిన వంటింట్లోంచి, "ఇద్దరు కలిసి మంచి మిషన్ జేసిన్రు" అన్నది. అది మెచ్చుకోలు కాదు.

నేను చేతులు మిగలాలని గంటలు తగ్గించాను. చేతులు మిగలవని అన్న ఆ గంటల్ని చెట్లతో నింపాడు. అతని లెక్కలో కూడా నాకు తప్పు కనబడలేదు.

రంపాన్ని మళ్లీ పాత స్థితికి తేవచ్చా అని ఆలోచించాను. అన్న రెండు పనులూ ఒప్పుకుని ఉన్నాడు. రంపం నెమ్మదిస్తే అవే చెట్లకు ఇంకా ఎక్కువ సేపు పట్టుకుంటాడు. వెనక్కి తిప్పినా దారి అక్కడికే పోతున్నది. అందుకని వణుకునే తగ్గించాలని పిడికీ ఇంజనుకూ మధ్య ఉండే రబ్బరు బుడిపెలు తీసి మెత్తటివి వేశాను. అన్న ఒక్క చెట్టు కోసి తిరిగి తెచ్చాడు.

"మిషన్ ఒకదిక్కు పోతున్నది, నేనొక దిక్కు పోతున్న. చెట్టు వాలేటప్పుడు గిట్ల ఊగితే నా మీదనే పడ్తది. తీసెయ్."

తీసేశాను. పాతవే వేశాను.

తర్వాతి చలికాలానికి ఎడమ చెయ్యి కూడా మొదలైంది. చొక్కా గుండీలు వదిన పెట్టేది. చైన్‌కు ఆకురాయి పెట్టడం నా పనైంది. ఒకరోజు పిడి మీద రక్తం చూసి ఎక్కడిదని నేను అడిగేదాకా, పన్ను తగిలి వేలు తెగిన సంగతి అన్నకు తెలియదు. అయినా పోతూనే ఉన్నాడు. ఇంకొక తోట, ఇంకొక రోడ్డు.

చివరికి ఒక మధ్యాహ్నం అతనే ఫోన్ చేసి షెడ్డు నుంచి రమ్మన్నాడు. పోయేసరికి సగం కొమ్మలు కొట్టిన వేపచెట్టు కింద కూర్చుని ఉన్నాడు. ఇంజను ఆపేసి ఉంది. ప్యాంటు మోకాలి దగ్గర అడ్డంగా చిరిగి ఉంది. చర్మం మీద గీత కూడా లేదు.

"మీట మీదికెళ్లి వేలు తీసిననే అనుకున్నరా" అన్నాడు. "తీసి మిషన్ కిందికి దించిన. అది తిరుగుతనే ఉన్నది. నా వేలు మీట మీదనే ఉన్నది."

ఆ తర్వాత అతను రంపం పట్టలేదు. తను తోట కొట్టిన వెంచర్లోనే కాపలాకు కుదిరాడు. చేతులు ఆగలేదు, తిరిగి రాలేదు. డాక్టరమ్మ చెప్పినట్టే అయింది, అన్న చెప్పినట్టూ అయింది.

రంపం కొనడానికి షాద్‌నగర్ వైపు నుంచి ఒకతను వచ్చాడు. నా వయసే ఉంటుంది. షెడ్డు వెనక చింతమొద్దు ఇంకా మూరెడు మిగిలి ఉంది. అతను దాన్ని కోసి చూశాడు. బిళ్ల తెగి పడ్డాక వంగి ఒక చెక్కపేడు ఏరి చూశాడు.

"అన్నా, ఎవరు జేసిన్రు దీన్ని?"

"మా తమ్ముడు" అన్నాడు అన్న. చాయ్ గ్లాసును రెండు అరచేతుల మధ్య నొక్కి పట్టుకుని ఉన్నాడు.

నేను ఆ మనిషికి అంతా చెప్పాను. అన్న చేతులు చూపించాను. డాక్టరమ్మ మాట చెప్పాను. పిడిలో వణుకు మామూలు రంపం కంటే ఎక్కువని కూడా చెప్పాను. అతను శ్రద్ధగానే విన్నాడు. అన్న వేళ్లను చూసి అయ్యో అన్నాడు. తర్వాత రంపాన్ని భుజానికెత్తుకున్నాడు.

"కానీ అన్నా, గింత జల్ది కోస్తే మధ్యాహ్నానికే పని అయిపాయె. పొద్దందాక పట్టే పనే లేదు. ఇగ చేతులకు ఏమైతది?"

నేను అన్న వైపు చూశాను. అన్న గ్లాసులోకి చూస్తున్నాడు.